పూరీ ప్రెస్‌తో మెక్సికో వీధి టాకో: ముందు రొట్టె, ఆ తర్వాతే మాంసం

టాకో అనగానే పట్టుకుంటే పటుక్కున విరిగి కూరంతా ఒళ్ళో పోసే పసుపుపచ్చ పెంకు గుర్తొస్తోందా? దాన్ని కాసేపు మర్చిపోండి, అది అమెరికాలో పెరిగిన టాకో. మెక్సికో సిటీలో రాత్రి పది దాటాక వీధి మలుపులో జనం నిలబడి తినేది వేరు. అరచేయంత మెత్తటి మొక్కజొన్న రొట్టె, దాని మీద సెగకు అంచులు మాడిన మాంసం ముక్కలు, చిటికెడు ఉల్లి కొత్తిమీర, కాస్త పచ్చడి, పైన నిమ్మకాయ పిండుడు. నాలుగు కొరుకుల్లో అయిపోతుంది, ఇంకోటి చెప్తారు.

నేను మొదటిసారి తిన్నది డాలస్‌లో, ఒక పెట్రోల్ బంకు వెనక ఆగే ట్రక్కు దగ్గర. ఆ రుచి ఇంట్లో తెప్పించాలని నెల రోజులు మసాలాతో కుస్తీ పట్టాను. మసాలా కుదిరింది కానీ టాకో కుదరలేదు, ఎందుకంటే రొట్టెను నేను లెక్కలోకే తీసుకోలేదు, మామూలు మొక్కజొన్న పిండి తెచ్చి నీళ్ళు పోసి కలిపాను, అది పెనం మీదే ముక్కలైంది. ఈ వంటలో సగానికి పైగా పని రొట్టెదే. అందుకే ఇక్కడ కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, మాంసం కోసం వచ్చినవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి.

మనం చేయబోయేది టాకోస్ అల్ పస్తోర్. పస్తోర్ అంటే గొర్రెల కాపరి. కాపరి పేరు పెట్టుకుని పంది మాంసంతో ఎందుకు చేస్తారన్నదే దీని చరిత్ర. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి లెబనాన్, సిరియా వైపు జనం చాలామంది మెక్సికోకి వలస వచ్చారు. వాళ్ళతో పాటు నిలువు చువ్వకి మాంసం గుచ్చి, తిప్పుతూ కాల్చి, అంచులు కోసి పెట్టే పద్ధతీ వచ్చింది. మీ వీధి చివర షవర్మా బండిలో తిరిగేది అదే చువ్వ. 1930ల్లో ప్యూబ్లా నగరంలో ఆ మాంసాన్ని గోధుమ రొట్టెలో చుట్టి టాకోస్ అరాబెస్, అంటే అరబ్బు టాకోలు అని అమ్మారు. మెల్లగా గొర్రె పోయి పంది వచ్చింది, గోధుమ రొట్టె పోయి మొక్కజొన్న రొట్టె వచ్చింది, మసాలాలో ఎండుమిర్చి, ఎర్ర రంగునిచ్చే జాఫ్రా గింజలు చేరాయి, చువ్వ పైన అనాసపండు ఎక్కింది. మెక్సికో సిటీలో ‘ఎల్ వెకీతో’ (1959 నుంచి), ‘ఎల్ తిసోన్సీతో’ (1966 నుంచి) అని రెండు పాత దుకాణాలున్నాయి, అల్ పస్తోర్‌కి అసలు పుట్టిల్లు మాదంటే మాదంటాయి. బిర్యానీ దగ్గర మనం పడే గొడవ లాంటిదే, తీర్పు చెప్పబోయి ఇరుక్కోవడం ఎందుకు. ఆ చువ్వ మీది మాంసం గుట్టని అక్కడ త్రోంపో అంటారు, అంటే బొంగరం. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది కదా, అందుకు.

ఇక పనిలోకి. శుక్రవారం రాత్రి మొదలుపెడితే శనివారం రాత్రికి తినొచ్చు. కింది కొలతలతో చిన్న టాకోలు ముప్పై దాకా వస్తాయి, ఆరుగురికి సరిపోతుంది.

మొదటి రాత్రి: మొక్కజొన్నకి సున్నం

అర కిలో ఎండు మొక్కజొన్న గింజలు తీసుకోండి. స్వీట్ కార్న్ పనికిరాదు, పచ్చి కంకులూ పనికిరావు, గట్టిగా ఎండిన గింజే కావాలి. తెల్లవి దొరికితే అదృష్టం, లేకపోతే పసుపువే. విత్తనాల ప్యాకెట్లు మాత్రం కొనకండి, వాటికి మందు కలిపి ఉంటుంది. తినడానికని అమ్మే గింజలే, రాళ్ళూ పుచ్చులూ ఏరుకుని, కడగండి.

ఇప్పుడు సున్నం. తమలపాకుకి రాసుకునే తినే సున్నం, అదే. గోడలకి వేసే రాతి సున్నం జోలికి పోవద్దు, అది నోరు, చేతులు కాల్చేస్తుంది. పొడి సున్నమైతే ఐదు గ్రాములు, అంటే గింజల బరువులో నూటికి ఒక వంతు. పాన్ డబ్బాలో దొరికే ముద్ద సున్నంలో నీళ్ళుంటాయి కాబట్టి దానికి రెట్టింపు, పది గ్రాములు. స్టీలు గిన్నెలో రెండు లీటర్ల నీళ్ళు పోసి సున్నం కలిపి గింజలు వేయండి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. సన్నటి మంట మీద అరగంట నుంచి ముప్పావుగంట ఉడకనివ్వండి. నీళ్ళు పసుపెక్కుతాయి, వంటిల్లంతా తడి మట్టి వాసన లాంటిది వస్తుంది, కంగారు పడకండి. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపితే పై పొట్టు జారి రావాలి, కొరికితే లోపల మధ్యలో కొంచెం గట్టి మిగలాలి. అప్పుడు దింపేసి, మూతపెట్టి, మర్నాటి దాకా వదిలేయండి.

ఇదంతా ఎందుకు, మామూలుగా నానబెట్టి రుబ్బితే పోదా అంటారేమో. పోదు. సున్నం గింజ పొట్టుని కరిగిస్తుంది, అందులో బంధించి ఉన్న జిగురుని బయటికి తెస్తుంది, ఆ జిగురే పిండిని ముద్దగా పట్టి ఉంచుతుంది. నా మొదటి రొట్టె విరిగింది అది లేకే. ఇలా సున్నంలో ఉడికిన గింజల్ని నిష్తమాల్ అంటారు, అజ్టెక్కుల భాష నహువాత్‌ల్‌లోంచి వచ్చిన మాట. ఆ ప్రాంతం వాళ్ళకి ఈ పద్ధతి మూడు వేల ఏళ్ళకు పైగా తెలుసు. పైగా ఇది రుచి కోసం మాత్రమే కాదు. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది, సున్నంలో ఉడికితే విడుదలవుతుంది. ఐరోపా వాళ్ళు మెక్సికో నుంచి గింజలు పట్టుకెళ్ళారు, సున్నం సంగతి మాత్రం అక్కడే వదిలేశారు. దాంతో మొక్కజొన్నే తిని బతికిన ఇటలీ, స్పెయిన్ పేదలకి, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జనానికి పెల్లాగ్రా వచ్చింది. చర్మం పగిలిపోయి, విరేచనాలు పట్టుకుని, ముదిరితే మతి తప్పే జబ్బు. ఈ జబ్బు మనకీ పరాయిది కాదు, దక్కన్‌లో జొన్నలే తిని బతికిన పేదల్లో కనిపించేది, దాని మీద హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లోనే పరిశోధన ప్రచురించింది. ఏమీ తోచక పాన్ డబ్బా సున్నం కొంటున్నారని షాపతను అనుకోవచ్చు, మీరు మాత్రం పెద్ద సైన్సే చేస్తున్నారు.

ఇంత ఓపిక లేకపోతే దారి ఉంది. మాసా హరీనా అని, ఇలా సున్నంలో ఉడికించి ఎండబెట్టి కొట్టిన పిండి దొరుకుతుంది. 1949లో మెక్సికోలో మొదలైన గ్రూమా కంపెనీ వాళ్ళ మసేకా ఎక్కువ పేరున్నది. అమెరికాలో ఉన్నవాళ్ళకి మామూలు సూపర్ మార్కెట్లోనే ఉంటుంది, ఇంకా మంచిది ఏంటంటే దగ్గర్లో టోర్టియాలు, అంటే ఈ రొట్టెలే, అమ్మే కొట్టు ఉంటే తాజాగా రుబ్బిన ముద్దే కిలోల లెక్కన అమ్ముతారు, అడగండి. ఇండియాలో ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, ధర మాత్రం ముద్ద మింగుడు పడనివ్వదు. రెండు కప్పుల పిండికి కప్పున్నర గోరువెచ్చటి నీళ్ళు, చిటికెడు ఉప్పు. ఒక్క జాగ్రత్త: మన షాపుల్లో కార్న్ ఫ్లోర్ అని అమ్మేది ఉత్త గంజి పొడి, మంచూరియాకి వాడేది. దాంతో రొట్టె రాదు. మామూలు మొక్కజొన్న పిండితోనూ రాదు, నా కథ విన్నారుగా.

శనివారం పొద్దున్న: మాంసం

గింజలు నానుతున్నాయి, వాటి సంగతి సాయంత్రం చూద్దాం. ఇప్పుడు కిలో మాంసం. అసలైనది పంది భుజం మాంసం, కొంచెం కొవ్వుతో. మా ఇంట్లో పంది తినరు కాబట్టి నేను చికెన్ తొడ మాంసం, బోన్‌లెస్ వాడతాను, బ్రెస్ట్ ముక్క వద్దు, ఎండిపోయి పీచులా అవుతుంది. దాన్ని వేలెడు మందం ముక్కలుగా కాకుండా పల్చటి రేకుల్లా కోయండి, లేదా కొట్టు దగ్గరే కోయించుకోండి.

మసాలాకి మెక్సికోలో గువాహీయో అనే ఎండుమిర్చి వాడతారు, రంగు ఎక్కువ, కారం తక్కువ. ఇక్కడ దానికి దగ్గరది బ్యాడిగి మిర్చి, ఎనిమిది తీసుకుని గింజలు దులిపేయండి. గుంటూరు మిర్చి వేశారంటే అనాస తీపి, జీలకర్ర వాసన ఏదీ తెలీదు, కారం ఒక్కటే మిగులుతుంది. గుంటూరుకి పచ్చడి దగ్గర పని చెప్తాను. అయినా బ్యాడిగైనా గుంటూరైనా మిరపకాయ మెక్సికో పక్క నుంచే బయల్దేరి పోర్చుగీసు ఓడల్లో మన దాకా వచ్చింది, కాబట్టి ఇది అప్పు తీర్చుకోవడం లాంటిది.

ఎరుపు కోసం అచియోతె వేస్తారు. వెతకడానికి తిప్పలు పడకండి, అవి జాఫ్రా గింజలే, మన మన్యంలో పండుతాయి, ఆయుర్వేద సరుకుల కొట్లో అడిగితే ఇస్తారు. గింజలు రాళ్ళలా ఉంటాయి, మిక్సీకి లొంగవు. మూడు చెంచాల నూనె సన్నటి మంట మీద వేడిచేసి ఒక చెంచా గింజలు వేసి రెండు మూడు నిమిషాలు తిప్పితే నూనె కుంకుమ రంగుకి తిరుగుతుంది, వడకట్టి గింజలు పారేయండి. మంట ఎక్కువైతే రంగు గోధుమలోకి వెళ్ళి చేదెక్కుతుంది. ఆ నూనె చొక్కా మీద పడితే చొక్కా పోయినట్టే.

మిర్చిని వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ రంగు నూనె, ఆరు వెల్లుల్లి రెబ్బలు, సగం ఉల్లిపాయ, మూడు పెద్ద చెంచాల వెనిగర్, చెంచా జీలకర్ర, రెండు లవంగాలు, రెండు చెంచాల ఉప్పు, చెంచా ఒరెగానో వేసి మెత్తగా రుబ్బండి. మెక్సికన్ ఒరెగానో వేరే మొక్క అనుకోండి, అయినా పిజ్జాతో వచ్చి ఫ్రిజ్ తలుపులో పేరుకుపోయిన ఆ ప్యాకెట్లు ఈరోజు పనికొస్తాయి. గరం మసాలా, ధనియాల పొడి, పసుపు వైపు చెయ్యి వెళ్తుంది, ఆపుకోండి. వాటిని వేస్తే మంచి కూరే అవుతుంది, కానీ టాకో అవ్వదు.

అనాస రసం ఒక అరకప్పు కలపాలి, కానీ దాన్ని ముందు ఒక పొంగు మరిగించండి. పచ్చి అనాసలో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, నాలుగైదు గంటలు వదిలేస్తే చికెన్ గుజ్జయిపోతుంది. నాకు ఒకసారి అయింది, చపాతీలో పెట్టి ఏదో పేరు చెప్పి పిల్లలకి పెట్టేశాను. మరిగిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోయి తీపి మాత్రం మిగులుతుంది. అంతా మాంసానికి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి.

బొంగరం ఇంట్లో ఎలా అని అడుగుతారు. చువ్వలు కొనక్కర్లేదు. కేకు చేసే పొడవాటి బ్రెడ్ టిన్ను ఉంటే అందులో మాంసం రేకులు ఒకదాని మీద ఒకటి గట్టిగా నొక్కి పేర్చి, పైన ఫాయిల్ కప్పి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర పెట్టండి. చికెన్‌కి గంట చాలు, పందికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. చల్లారాక, వీలైతే ఫ్రిజ్‌లో గంట పెట్టాక, అది ఇటుకలా గట్టిపడుతుంది. దాన్ని నిలువుగా పల్చగా కోసి, తినే ముందు బాగా కాలిన ఇనుప పెనం మీద నూనె చుక్కతో అంచులు మాడేదాకా వేయించండి. ఓవెన్ లేనివాళ్ళు రేకుల్ని నేరుగా పెనం మీద రెండు మూడు చొప్పున వేసి కాల్చి, తర్వాత సన్నగా తరుక్కోవచ్చు. ఒకేసారి కిలో అంతా కుమ్మరించకండి, నీళ్ళు ఊరి ఉడుకుతుంది, కాలదు. మాడిన అంచు లేకపోతే అల్ పస్తోర్ లేనట్టే. అదే పెనం మీద అనాస ముక్కలూ మచ్చలు పడేదాకా కాల్చుకోండి.

మాంసం తినని ఇళ్ళలో ఇదే మసాలా మష్రూమ్స్‌కి పట్టించండి. ఆలుగడ్డ కూడా బాగుంటుంది, ఆలూ టాకోలు మెక్సికోలో ఎప్పటి నుంచో ఉన్నవే, మనం కనిపెట్టింది కాదు.

సాయంత్రం: రుబ్బడం, ఒత్తడం, కాల్చడం

నానిన గింజల్ని చేతులతో రుద్దుతూ రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. పొట్టంతా పోవాలని పట్టుబట్టకండి, కొంచెం మిగిలితేనే ముద్ద జిగురుగా ఉంటుంది, వాసనా ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళు వాలుగా ఉండే మెతాతె అనే రాతి మీద మోకాళ్ళేసి రుబ్బేవాళ్ళు, గంటలు గంటలు. మనకి వెట్ గ్రైండర్ ఉంది, రాతిదే కాబట్టి ఇంతకన్నా మంచి పనిముట్టు దొరకదు. నీళ్ళు మాత్రం చెంచాలతో చిలకరించండి, గ్లాసులతో పోస్తే దోసెల పిండి అవుతుంది. మిక్సీలో అయితే కొంచెం కొంచెంగా, ఆపి ఆపి, వేడెక్కకుండా. పల్చబడిందా, పాత బట్ట మీద పరిచి అరగంట ఆరనివ్వండి.

ముద్ద ఎలా ఉండాలంటే, జొన్న రొట్టె పిండి కన్నా మెత్తగా, పిల్లలు ఆడుకునే మట్టిలా. చిన్న ఉండ చేసి నొక్కితే అంచులు పగలకూడదు, పగిలితే నీళ్ళు చాలలేదు. చేతికి అంటుకుపోతే ఎక్కువయ్యాయి. తడిబట్ట కప్పి ఉంచండి, ఇది త్వరగా ఎండిపోతుంది.

పెద్ద నిమ్మకాయంత ఉండ, ముప్పై గ్రాములు. పూరీ ప్రెస్‌లో కింద ఒకటి పైన ఒకటి ప్లాస్టిక్ కవరు ముక్కలు వేసి (పాల ప్యాకెట్టు కోసి కడిగినవి బాగా పనిచేస్తాయి) మధ్యలో ఉండ పెట్టి నొక్కి, ప్లాస్టిక్‌ని సగం తిప్పి ఇంకోసారి నొక్కండి. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు వస్తే చాలు. చేత్తో తట్టి జొన్న రొట్టె చేసే అలవాటు ఉన్నవాళ్ళయితే అసలు ప్రెస్సే అక్కర్లేదు, మెక్సికో పల్లెల్లో కూడా చేత్తోనే తట్టేవాళ్ళు.

పెనం బాగా వేడెక్కాలి. నూనె వద్దు. వేసిన అరనిమిషంలోపే అంచు పెనాన్ని వదులుతుంది, తిప్పండి. రెండో వైపు నిమిషం దాకా, మచ్చలు పడేవరకు. మళ్ళీ మొదటి వైపుకి తిప్పి బట్టతో మధ్యలో మెల్లగా ఒత్తితే పుల్కాలా పొంగుతుంది. మొదటి ఐదారు పొంగవు, ఎవరికీ పొంగవు. తీసినవి తీసినట్టు బట్టలో చుట్టి ఒకదాని మీద ఒకటి పెట్టండి, ఆ ఆవిరికే అవి మెత్తబడేది. పెనం నుంచి తీసి నేరుగా తింటే గట్టిగా అనిపించి, తప్పు చేశామేమో అని టెన్షన్ పడతారు. పది నిమిషాలు బట్టలో ఉండనివ్వండి.

పచ్చడి

దీని గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది. సల్సా అంటే రోటి పచ్చడే, వాళ్ళ రోలు పేరు మోల్కహేతె, నల్లటి అగ్నిపర్వతపు రాయితో చేసి మూడు కాళ్ళు పెడతారు. నాలుగు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతో సహా పెనం మీద నల్లగా కాల్చి, గుంటూరు ఎండుమిర్చి ఐదారు నూనె లేకుండా క్షణం వేపి, ఉప్పేసి దంచండి. అక్కడ తొమతీయో అనే ఆకుపచ్చ కాయలతో కూడా చేస్తారు, అవి ఇక్కడ దొరకవు, పచ్చి టమాటాలు కాల్చి నిమ్మరసం పిండితే దగ్గరకి వస్తుంది. పోపు పెట్టొద్దు. మా అమ్మ ఒకసారి నేను అటు తిరగ్గానే ఆవాలు, ఇంగువ వేసేసింది. ఇడ్లీకి అద్భుతంగా ఉంది, టాకోకి కాదు.

ఇక తినడం

రొట్టెల్ని మళ్ళీ పెనం మీద వేడిచేసుకుని ఒక్కో టాకోకి రెండేసి రొట్టెలు జతగా పెట్టడం చాలా బళ్ళ దగ్గర అలవాటు, సరదాగా "కోన్ కోపియా" అంటారు, అంటే జిరాక్స్ కాపీతో అని. రసం కారి ఒకటి చిరిగినా రెండోది ఆదుకుంటుంది. ఇంట్లో చేసిన రొట్టె దళసరిగా ఉంటే ఒకటి చాలు. మాంసం రెండు చెంచాలకు మించి పెట్టకండి. పైన సన్నగా తరిగిన ఉల్లి, కొత్తిమీర, ఒక అనాస ముక్క, పచ్చడి, నిమ్మకాయ. చీజ్, క్యాబేజీ, మయోనైజ్ వేయకండి, ఇంట్లో పిల్లలు గొడవ చేస్తే చీజ్ వరకు ఒప్పుకోవచ్చు, చీజ్‌తో గోధుమ రొట్టెలో చేసే గ్రింగా అక్కడే ఉంది.

బొటనవేలు, రెండు వేళ్ళతో పట్టుకోండి. టాకోని నోటి దగ్గరికి ఎత్తడం కాదు, మీరే ముందుకి వంగి తల పక్కకి వాల్చి కొరకాలి, కారేదంతా ప్లేటులో పడుతుంది. మెక్సికో బండి దగ్గరైతే ఆ ప్లేటుకి పాలిథిన్ కవరు తొడిగి ఇస్తారు, కడిగే పని లేకుండా. "కోన్ తోదో?" అని అడిగితే ఉల్లి కొత్తిమీర రెండూ కావాలా అని అర్థం. చాలా చోట్ల తిన్నాకే డబ్బులు, ఎన్ని తిన్నారో మీరే చెప్పాలి, పానీపూరీ బండి దగ్గర లెక్కలాగా.

ఇంత చిన్న బండి తిండికి గౌరవం కూడా బాగానే దక్కింది. మెక్సికో సంప్రదాయ వంటని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో, మంచి హోటళ్ళకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి మెక్సికోకి వచ్చినప్పుడు, 1968 నుంచి ఉన్న ఎల్ కలీఫా దె లియోన్ అనే చిన్న టాకో కొట్టుకి ఒక స్టార్ ఇచ్చింది, లోపల కూర్చునే చోటు కూడా ఉండదు, నిలబడే తినాలి. అయితే అక్కడ అల్ పస్తోర్ ఉండదు, గొడ్డు మాంసం, పంది మాంసం నాలుగు రకాలు, ఉప్పు, నిమ్మకాయ, అప్పుడే ఒత్తి కాల్చిన టోర్టియా, అంతే. మార్చి 31న అక్కడ టాకో దినం కూడా జరుపుకుంటారు, మీకు ఏదో ఒక వంక కావాలంటే ఆరోజు చేసుకోండి.

రొట్టెలు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు ఉంటాయి, కానీ గట్టిపడతాయి. తడి చేత్తో తుడిచి పెనం మీద వేస్తే మళ్ళీ మెత్తబడతాయి. లేదా ఆదివారం పొద్దున్న వాటిని త్రికోణాలుగా కోసి కరకరలాడేలా వేయించి, మిగిలిన పచ్చడిని కొంచెం నీళ్ళు పోసి మరిగించి అందులో వేసి, పైన ఒక ఆమ్లెట్టో గుడ్డు పొరటో పెట్టండి. దాని పేరు చిలకీలెస్, ముందు రోజు రొట్టెల కోసమే పుట్టిన టిఫిన్. వేసిన వెంటనే తినేయండి, పది నిమిషాలు ఆగితే నానిపోయి ఉప్మాలా అయిపోతుంది.